సాలార్‌జంగ్ గారి సిబిల్ స్కోరు

2023 డిసెంబరు మాట. అప్పటికి మేం మూసారాంబాగ్‌లో అద్దెకుండి పదహారేళ్ళు. టీవీ టవర్ వెనక సందులో, మూడో అంతస్తులో, రెండు పడకగదుల పాత ఫ్లాట్ ఒకటి అమ్మకానికొచ్చింది. వంటింటి కిటికీ తూర్పుకి. బాల్కనీలో తులసికోటకి సరిపడా చోటు. మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళొచ్చు. మూసీ వైపు ఇంకా చవకలో దొరుకుతాయి కానీ, గేట్లెత్తినప్పుడల్లా అంబర్‌పేట వంతెన మూసేయడం చూసి చూసి ఆ వైపు వద్దనుకున్నాం. యాభై వేలు టోకెన్ ఇచ్చాం. ఓనరు నెల రోజులు గడువిచ్చాడు.

బ్యాంకాయన కంప్యూటర్‌లోకి చూసి, మా ఆయన వైపు చూసి, మళ్ళీ కంప్యూటర్‌లోకి చూశాడు. "సార్, మీ స్కోరు 641. కష్టం సార్" అన్నాడు. ఎందుకని నేనడిగాను. ఆయన నాకు కాదు, మా ఆయనకి జవాబు చెప్పాడు. "పాత కార్డు సెటిల్‌మెంట్ ఉంది కదా సార్, 2016ది."

మా ఆయన తల వంచుకున్నారు. ఏ కార్డు, ఏ సెటిల్‌మెంట్, నాకేం తెలియదు.

ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చాక తెలిసింది. 2014లో ఆయన ఉద్యోగం ఏడు నెలలు లేదు. ఆ సంగతి నాకూ తెలుసు. ఇంటి ఖర్చంతా ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం నేనడగలేదు, ఆయన చెప్పలేదు. క్రెడిట్ కార్డు మీద గడిచింది. నెలకి మూడున్నర శాతం వడ్డీ, దాని మీద లేటు ఫీజులు. చివరికి 78 వేలయింది. వసూలువాళ్ళ ఫోన్లు భరించలేక, "40 వేలు కట్టండి, వదిలేస్తాం" అంటే కట్టేశారు. అప్పు తీరిందనుకున్నారు. కానీ ఆ బ్యాంకు లెక్కలో 38 వేలు ఎగ్గొట్టినట్టే. రిపోర్టులో "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని రాసి పెట్టింది.

ఆ రాత్రి మా అత్తమ్మ అన్న మాట ఒక్కటే. "అప్పయితే అయింది. పెండ్లానికి చెప్పకుంట దాస్తే అప్పు వోతదా బిడ్డా?"

నేను తెలుగు బి.ఏ. చదివినదాన్ని. కోపం వచ్చినా ముందు మాట పట్టుకుని ఆలోచించడం అలవాటు. మన తెలుగులో క్రెడిట్‌కి మంచి మాట ఉంది, పరపతి. ఊళ్ళో సహకార పరపతి సంఘం అంటే అప్పులిచ్చే సంఘం. "ఆయనకి ఊళ్ళో పరపతి ఉంది" అంటే పదిమంది ఆయన మాట నమ్ముతారని. అప్పు పుట్టడమూ, మాట చెల్లడమూ ఒకటే అని మనవాళ్ళకి సిబిల్ రాకముందే తెలుసన్నమాట. ఆ తర్వాత పదహారు నెలలు మేం మా పరపతి బాగు చేసుకునే పనిలో పడ్డాం. మధ్యలో నేను మా లైబ్రరీలో హైదరాబాద్ చరిత్ర పుస్తకాలు తెచ్చుకుని చదువుతుంటే, ఒక చోట నవ్వు ఆగలేదు. మా ఇంటి కథే రాజ్యానికి జరిగింది, అదీ ఈ పేటలోంచే మొదలై!

మూసారాంబాగ్ అంటే మూసీ పక్కన రాముడి తోట అని నేను కొత్తలో అనుకునేదాన్ని. కాదు. అది మస్య రేమండ్ అనే ఫ్రెంచి సేనాని పేరు. రెండో నిజాం దగ్గర ఫ్రెంచి పద్ధతిలో సైన్యాన్ని నడిపినవాడు. హిందువులు మూసారాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. ఆయన తోట ఉన్న చోటు మూసారాంబాగ్ అయింది. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది, నల్లరాతి స్తంభం, మీద ఆయన పేరులోని రెండు అక్షరాలు.

రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. ఆ సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి పటాలాన్ని రద్దు చెయ్యాలి, కంపెనీ సైన్యాన్ని పెట్టుకుని దాని ఖర్చు భరించాలి. అక్టోబరులో పటాలాన్ని నిరాయుధం చెయ్యబోతే సిపాయిలు ముందే తిరగబడ్డారు, తమ ఫ్రెంచి అధికారుల మీదే. కారణం, జీతం బకాయిలు.

ఇక్కణ్ణించి లెక్క చూడండి. కంపెనీ సైన్యం ఖర్చుకి నగదు కట్టే బదులు 1800లో నిజాం బళ్ళారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు రాసిచ్చేశాడు. దత్త మండలాలంటే అవే. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకునే దాకా ఆ జనం "ఇచ్చేసిన జిల్లాల" వాళ్ళగానే బతికారు. భూమి పోయింది, బాకీ తీరింది, సరే. అంతటితో ఆగితే బాగుండేది. దాని మీద ఇంకో సైన్యం వచ్చి పడింది. అప్పటి రెసిడెంటు హెన్రీ రస్సెల్ పేరుతో రస్సెల్ బ్రిగేడ్ అని మొదలై, తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అయింది. ఏ ఒప్పందంలోనూ నిజాం దీన్ని ఒప్పుకోలేదు. కానీ జీతాలు మాత్రం ఆయన ఖజానా నుంచి నెలనెలా పోవాలి. అంటే తీసుకోని వస్తువుకి ఇ.ఎం.ఐ. అన్నట్టు.

ఖజానాలో డబ్బు లేదు. అప్పుడొచ్చారు పామర్ కంపెనీ వాళ్ళు. విలియం పామర్ తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. 1814లో ఇక్కడి సాహుకారుతో కలిసి కొఠీ పెట్టాడు. తెల్లవాళ్ళు సంస్థానాధీశులకి అప్పులివ్వకూడదని ఇంగ్లండులో చట్టం ఉంటే, గవర్నర్ జనరల్ దగ్గర్నుంచి 1816లో మినహాయింపు తెచ్చుకున్నారు. వాళ్ళ భాగస్వామి ఒకాయన గవర్నర్ జనరల్ ఇంట పెరిగిన అమ్మాయిని పెళ్ళాడాడు మరి. నిజాం సైన్యానికి నెలనెలా జీతాలు సర్దడం, దాని మీద నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి ఇరవైనాలుగు, ఇరవైఐదు శాతం. చరిత్రకారులందరూ దీన్ని దారుణమైన వడ్డీ అని రాశారు. నేను కాయితం మీద గుణించి చూశాను. మా ఆయన కార్డు వడ్డీ నలభై దాటింది!

1820లో పామర్లు 60 లక్షల అప్పొకటి రాయించారు. అందులో 8 లక్షలు వాళ్ళకి వాళ్ళే బోనసు రాసుకున్నారు, చేతికిచ్చింది కాదు. ఇప్పటివాళ్ళు ప్రాసెసింగ్ ఫీజు అంటారు. ఆ ఏడాది చివర్లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తిరగేసి ఇది పట్టుకున్నాడు. ఆరు శాతం వడ్డీకి కంపెనీ సర్కారు నుంచి అప్పిప్పించి పామర్ల బాకీ తీర్చేద్దామని ఆయన ఆలోచన. అచ్చంగా మన బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్. చివరికి 1823లో తీర్చిన పద్ధతి మాత్రం తెలుగువాళ్ళందరూ తెలుసుకోవలసింది. ఉత్తర సర్కార్లు, అంటే మన కోస్తా జిల్లాలు, కంపెనీ అనుభవిస్తున్నందుకు నిజాంకి ఏటా 7 లక్షల రూపాయల పేష్కష్ వచ్చేది. ఆరు శాతం చొప్పున ఏటా 7 లక్షలు రావాలంటే అసలెంతుండాలో కట్టి, 1,16,66,666 రూపాయలు ఒక్కసారి ఇచ్చేసి, ఇక మీకూ మాకూ చెల్లు అన్నారు. ఆ డబ్బు పామర్లకి పోయింది. మరుసటి ఏడే పామర్ కంపెనీ దివాలా తీసింది. సర్కార్ల మీద ఎప్పటికీ రావలసిన అద్దె మాత్రం అలా పోయింది.

అప్పు మూలంగా సీమ పోయింది, అప్పు మూలంగా సర్కార్ల అద్దె పోయింది. పటం మీద తెలుగునేల ముక్కలైన తీరు చూస్తే అది యుద్ధాల కంటే బాకీల పటంలా కనిపించింది నాకు.

రాజా చందూలాల్ అప్పుడు పేష్కారు, తర్వాత మంత్రి. 1843లో దిగిపోయేదాకా ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు తెచ్చే పని చేశాడు. పాపం ఆయన్ని ఒక్కణ్ణే అనలేం. కానీ పద్ధతి అదే. పరగణాల శిస్తు వసూలు హక్కును ముందే సాహుకార్లకీ, అరబ్బు జమేదార్లకీ, రొహిల్లాలకీ తాకట్టు పెట్టడం. రైతు పండించకముందే శిస్తు ఎవరి చేతిలోనో ఉండేది. అరబ్బులైతే బాకీదార్లని తమ ఇళ్ళలోనే బంధించేవాళ్ళు. నిజాం నగలు సైతం కుదువకి వెళ్ళాయి. ఎప్పుడూ ఏదో ఒకటి పెట్టి గడుపుకోవడమే తప్ప, మొత్తం ఎంత బాకీ ఉందో ఒక చోట కూర్చుని రాసుకున్నవాళ్ళు లేరు.

ఇది చదివినప్పుడే నేను ఒక నోటుబుక్కు తీశాను. మా ఆయన్ని కూర్చోపెట్టి, మీ పేరు మీద ఎక్కడెక్కడ ఏముందో చెప్పండి, నేను కోప్పడను, అన్నాను. (కోప్పడ్డాను, అది వేరే సంగతి.)

1853 మే 21న డల్హౌసీ ఒత్తిడి మీద నిజాం నాసిరుద్దౌలా సంతకం పెట్టాడు. కంటింజెంటు ఖర్చు కింద పేరుకున్న బాకీకి బేరారు, రాయచూరు దోఆబు, నల్దుర్గ్ జిల్లాలు కంపెనీకి అప్పగించాడు. ఏటా 50 లక్షల రాబడి ఉన్న భూములు. రాజ్యంలో పత్తి పండే బంగారం లాంటి చోటు బేరారు. సంతకమైన కొద్ది రోజులకే మంత్రి సిరాజుల్‌ముల్క్ చనిపోయాడు. ఆయన అన్న కొడుకు మీర్ తురాబ్ అలీఖాన్ దివానయ్యాడు. వయసు 24. ఆయనే మొదటి సాలార్‌జంగ్.

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు చంకలో పిల్లాడున్నాడు, కరెంటు బిల్లు కట్టడం కూడా రాదు. ఈయన చేతికి వచ్చింది ఖాళీ ఖజానా, ఊళ్ళో ఒక్క సాహుకారూ అప్పివ్వని పేరు.

ఆయన చేసింది గొప్ప మాయేం కాదు. ముందు బాకీల చిట్టా విప్పాడు. ఎవరికి ఎంత, ఏ పరగణా ఎవరి దగ్గర కుదువ ఉందో తేల్చాడు. లెక్కలు పరిష్కరించుకుంటూ ఆ పరగణాలు ఒక్కొక్కటే వెనక్కి తెచ్చాడు. శిస్తు వసూలు గుత్తకివ్వడం మానిపించి, జీతం తీసుకునే తాలూక్‌దార్లని పెట్టాడు. 1865లో జిలాబందీ అని రాజ్యాన్ని జిల్లాలుగా విభజించాడు. ఇప్పటి మన జిల్లాల పాలనకి మొదలు అదే. వచ్చే డబ్బెంతో, పొయ్యే డబ్బెంతో ముందు తెలియడం మొదలయ్యాక, చెప్పిన రోజుకి చెప్పిన సొమ్ము ఇవ్వడం వీలయింది. అది కొన్నేళ్ళు ఆగకుండా జరిగాక సాహుకార్లు మళ్ళీ వచ్చారు.

మా పని కూడా అంతే. మొదట రిపోర్టు తెప్పించాం. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. 2017 జనవరి నుంచి ఒక్కో క్రెడిట్ బ్యూరో ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. మన దేశంలో అలాంటివి నాలుగున్నాయి. సిబిల్ 2000లో పెట్టింది కాబట్టి అందరికీ ఆ పేరే అలవాటైపోయింది, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఇంకో మూడు. నాలుగూ తెప్పించాం, ఎందుకంటే ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు. అదే జరిగింది. ఎప్పుడో 2013లో తీరిపోయిన బండి అప్పు మీద 1,200 రూపాయలు బాకీ ఉన్నట్టు ఒకదాంట్లో ఉంది. మా దగ్గర ఎన్.ఓ.సి. ఉంది, బీరువాలో పెళ్ళి పట్టుచీరల కింద! ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టి దాని కాపీ జత చేశాం. ఇరవై రెండు రోజుల్లో తీసేశారు. 30 రోజుల్లో సరిచెయ్యకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన వచ్చింది. మాది అంతకు ముందే అయిపోయింది.

కార్డు సంగతి అంత తేలిగ్గా తెగలేదు. అది తప్పు రాత కాదు, నిజమే. నిజాన్ని ఎవరూ చెరపలేరు. డబ్బు తీసుకుని స్కోరు పెంచుతామని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకాయన చెప్పాడు, పదిహేను వేలడిగాడు. సరిగ్గా ఉన్నది మార్చే అధికారం అప్పిచ్చినవాళ్ళకి తప్ప ఎవరికీ లేదని అప్పటికే చదివాను కాబట్టి లేచి వచ్చేశాం. ఏడేళ్ళైతే అదే పోతుందిలే అని మా ఆడపడుచు భర్త ధైర్యం చెప్పాడు. చట్టం చెప్పేది ఏడేళ్ళకి తక్కువ కాకుండా దాచాలని, ఏడేళ్ళకి తీసెయ్యాలని కాదు. 2016 నుంచి లెక్కేసుకుంటే మాకు అర్థమైంది.

చివరికి ఆ బ్యాంకుకే ఉత్తరం రాశాం. అప్పుడు వదిలేసిన 38 వేలు ఇప్పుడు కడతాం, ఖాతా పూర్తిగా తీరినట్టు రాసి పంపండి, అని. మూడు ఉత్తరాలు, రెండు సార్లు బ్రాంచికి తిరగడం. మొదటిసారి వెళితే అక్కడి అమ్మాయికి నవ్వొచ్చింది, మాఫీ అయిన డబ్బు తెచ్చి కడతామనేవాళ్ళని ఆమె చూళ్ళేదట. డబ్బు కోసం నా రెండు గాజులు కుదువ పెట్టాం. నిజాం నగలు గుర్తొచ్చాయి. గోల్డ్ లోను కూడా రిపోర్టుకెక్కుతుంది, వేళకి తీరిస్తే మంచి మార్కే. ఎనిమిది నెలల్లో తీర్చి గాజులు తెచ్చుకున్నాను. ఖాతా "క్లోజ్డ్" అని మారింది.

నా సంగతి ఇంకో రకం. నా పేరు వేస్తే స్కోరే లేదు. ఇరవై రెండేళ్ళు ఇల్లు నడిపాను, చిట్టీలు కట్టాను, ఒక్క నెల పాలబిల్లు ఆపలేదు, కానీ ఆ లెక్కల్లో నేను పుట్టనేలేదు. పాతిక వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ పెట్టి దాని మీద కార్డు తీసుకున్నాను. గ్యాసు, కిరాణా మాత్రమే, పరిమితిలో మూడో వంతు దాటకుండా. ఆరేడు నెలలకి స్కోరు కనిపించింది. మొదటిసారి చూసినప్పుడు పదో తరగతి మార్కులు చూసుకున్నట్టు ఉంది. మా ఆయనకంటే ఎక్కువ!

2010 సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మైక్రోఫైనాన్స్ వసూళ్ళ మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చాక, ఊరూరా ఆడవాళ్ళు కట్టడం మానేశారు. వేధింపులు నిజమే. అయితే ఆ గొడవ తర్వాతే చిన్నచిన్న గ్రూపు అప్పులూ బ్యూరో లెక్కలకెక్కడం మొదలైంది. మన ఆడవాళ్ళ పేర్లు ఆ పుస్తకాల్లోకి ఎక్కువగా వచ్చింది అలాగ.

మళ్ళీ సాలార్‌జంగ్ దగ్గరికి. 1857లో హైదరాబాద్‌లో రెసిడెన్సీ మీద తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ దాడి చేసినప్పుడు ఆయన ఇంగ్లీషువాళ్ళ పక్క నిలబడ్డాడు. ఇది చదివినప్పుడు నాకు మనసొప్పలేదు, ఇప్పటికీ ఒప్పదు. కోఠీలో తుర్రెబాజ్ ఖాన్ పేరున రోడ్డుంది, దాని మీద నడిచినప్పుడల్లా గుర్తొస్తుంది. కానీ బాకీ తీరింది దానివల్లే. 1860 ఒప్పందంలో 50 లక్షల అప్పు రద్దు చేశారు, రాయచూరు, నల్దుర్గ్ తిరిగిచ్చారు. బేరారు మాత్రం ఇవ్వలేదు. పైగా బేరారు జమాఖర్చులు అడగనని నిజాం చేత రాయించుకున్నారు. మిగులు ఎంతుంటే అంత ఇస్తాం, లెక్క మాత్రం చూపించం! ఏడాదికొకసారి ఉచిత రిపోర్టు ఎంత పెద్ద హక్కో నాకు ఆ పేజీ దగ్గర తెలిసింది.

అప్పటికి రాజ్యం పరపతి బాగుపడింది. ఇక ఇల్లు అడుగుదామని సాలార్‌జంగ్ బయల్దేరాడు. కంటింజెంటు ఖర్చుకి నగదు పూచీ ఇస్తాం, బేరారు ఇచ్చెయ్యండి, అని. కలకత్తాలో వినలేదు. 1876లో ఇంగ్లండు దాకా వెళ్ళాడు. దారిలో పారిస్ హోటల్లో మెట్ల మీద జారి పడి తొడ ఎముక విరిగింది. ఆ కాలుతోనే లండన్ చేరాడు. విందులు చేశారు, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు డాక్టరేటు ఇచ్చారు. బేరారు ఇవ్వలేదు. 1883లో ఆయన కలరాతో పోయాడు. 1902లో కర్జన్ ఏడాదికి 25 లక్షల అద్దె మాట్లాడి శాశ్వత కౌలు రాయించుకున్నాడు. 1936లో నిజాం పెద్ద కొడుక్కి బేరారు యువరాజు అని బిరుదు మాత్రం వచ్చింది.

మ్యూజియంలో మేలిముసుగు రెబెకా విగ్రహం ఉంది కదా, అది ఆ 1876 ప్రయాణంలో ఆయన ఇటలీలో కొన్నదే. చిన్నప్పుడు స్కూలువాళ్ళు తీసుకెళ్ళినప్పుడు, రాతిలో ముసుగు ఎలా చెక్కారా అని నోరు తెరుచుకుని చూశాను. మొన్న వెళ్ళినప్పుడు మాత్రం, ఇల్లడగడానికి వెళ్ళి వట్టి చేతులతో రాలేక తెచ్చుకున్న వస్తువులా అనిపించింది.

మా మొదటి ఫ్లాట్ మాకు దక్కలేదు. ఓనరు ఇంకో నెల ఆగి, ఫిబ్రవరిలో వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. టోకెన్‌లో సగం తిరిగిచ్చాడు. ఆ బాల్కనీలో ఇప్పుడు ఎవరివో బట్టలు ఆరుతుంటాయి. కూరగాయలకి అటే వెళ్ళాలి, తలెత్తకుండా వెళ్ళడం నేర్చుకున్నాను.

2025 ఏప్రిల్లో మా ఆయన స్కోరు 752. జూన్లో ఇద్దరి పేర్ల మీదా లోను మంజూరైంది. రెండు సందులు లోపలికి, మొదటి అంతస్తు, పడమటి కిటికీ, మునుపటి దానికంటే ఆరు లక్షలు ఎక్కువ. శ్రావణంలో పాలు పొంగించాం.

గృహప్రవేశం అయిన వారానికి బాబుకి మొదటి జీతం పడింది, మరునాడే వాడి ఫోన్‌కి ప్రీ అప్రూవ్డ్ కార్డు మెసేజ్. భోజనాల దగ్గర చదివి వినిపించాడు. మా ఆయన తింటున్నవారు లేచి చెయ్యి కడుక్కుని, బీరువాలోంచి పాత రిపోర్టు, 641 ఉన్నది, తెచ్చి వాడి పక్కన పెట్టారు. "2014లో ఏం జరిగిందంటే" అని మొదలుపెట్టారు. అత్తమ్మ నన్ను చూసింది. నేను మజ్జిగ తెచ్చే వంకతో వంటింట్లోకి వెళ్ళి, వాళ్ళ మాటలు అయిపోయేదాకా అక్కడే ఉన్నాను.